పిల్లల భద్రతకు కట్టుబడి ఉన్నామని ఆఫీసు గోడకు పెట్టమన్నారు.. అందులో ఏం రాయాలి?

పానగల్లు జూనియర్ | సోమవారం రాత్రి 9:20

అందరికీ నమస్తే. నల్లగొండ జిల్లాలో ఒక మండల ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. ఇవాళ ప్రజావాణి (జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం) అయిపోయాక మా సార్ పిలిచి, "పిల్లల భద్రతకు మా కార్యాలయం కట్టుబడి ఉంది అని ఒక పేజీ తయారు చెయ్. అందరితో సంతకాలు పెట్టించి గోడకు తగిలిద్దాం" అన్నారు. రాత పని ఎప్పుడూ కొత్తగా వచ్చినవాడి మీదే పడుతుంది కదా.

నా డౌటు ఏందంటే, మాది బడి కాదు, హాస్టల్ కాదు, అంగన్‌వాడీ కాదు. కానీ చూస్తే పిల్లలు రాని రోజు లేదు. జూన్ వచ్చిందంటే కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం పదో తరగతి పాసైన పిల్లలు ఒంటరిగా వస్తారు. పొద్దున వచ్చినవాళ్లు సాయంత్రం దాకా వరండాలోనే ఉంటారు. ప్రజావాణికి వచ్చే అమ్మలు చంటిపిల్లల్ని చంకనేసుకుని వస్తారు. వేసవి సెలవుల్లో మా స్టాఫ్ పిల్లలే బీరువాల మధ్య దాగుడుమూతలు ఆడుతుంటారు. ఇట్లాంటి ఆఫీసుకు ఏం రాయాలి? ఎవరి దగ్గరన్నా డ్రాఫ్ట్ ఉంటే పెట్టండి. గురువారం లోపు ఇయ్యాలె.

సూపరింటెండెంట్ (రిటైర్డ్), మిర్యాలగూడ | సోమవారం రాత్రి 9:48

తమ్మీ, నా సర్వీసులో ఎన్ని బోర్డులు తగిలించిన్నో లెక్క లేదు. సిటిజన్ చార్టర్, సమాచార హక్కు బోర్డు, లంచం అడిగితే ఫోన్ చేయమనే ఏసీబీ 1064 బోర్డు. ఆ 1064 బోర్డు కిందనే కుర్చీ వేసుకుని తీసుకునేవాడు తీసుకుంటూనే ఉన్నాడు. ఇది కూడా అట్లనే అయితది. నాలుగు మంచి మాటలు రాసి ఫ్రేము కట్టించు, పని అయిపోతది. దీనికింత టెన్షన్ ఎందుకు?

ఐసీడీఎస్ అక్క | సోమవారం రాత్రి 10:15

సూపరింటెండెంట్ గారూ, మీరన్నది సగం నిజం. కానీ ఈ బోర్డుకూ ఆ బోర్డులకూ ఒక తేడా ఉంది. ఇది రాసినా రాయకపోయినా కొంత బాధ్యత ఆల్రెడీ మన నెత్తి మీద ఉంది, చాలా మందికి తెలియదు అంతే.

పోక్సో చట్టం, అంటే లైంగిక నేరాల నుంచి పిల్లలకు రక్షణ ఇచ్చే చట్టం, 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. అందులో 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగే అవకాశం ఉందని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలి. టీచర్లు, వార్డెన్లు మాత్రమే కాదు, "ఏ వ్యక్తి అయినా" అని ఉంది. మీ ఆఫీసు అటెండర్ దాకా అందరూ అందులోకి వస్తారు.

ఇంకోటి. 2020లో వచ్చిన పోక్సో నియమాల్లో మూడో నియమం చదువు తమ్ముడూ. పిల్లలతో పనిచేసే, పిల్లలతో సంబంధం ఉండే సంస్థలన్నీ పాటించడానికి ప్రభుత్వాలు ఒక బాలల రక్షణ విధానం తయారు చేయాలని అందులో ఉంది. పిల్లల మీద హింసను ఏమాత్రం సహించేది లేదన్నది దానికి ఆధారం. మీ సార్ అడిగిన పేజీకి మూలం అదే అనుకో.

చిట్యాల మాస్టారు | మంగళవారం ఉదయం 7:05

అక్కా, చట్టం సరే. ప్రాక్టికల్‌గా మాట్లాడుకుందాం. ఒక పిల్ల వచ్చి ఏదో చెప్పిందనుకోండి. నిజమో కాదో చూసుకోకుండా వెంటనే స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఆ ఉద్యోగి బతుకు ఏం కావాలి? ముందు ఆఫీసులో ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని విచారించి, నిజమని తేలితే అప్పుడు పైకి రాయాలి. గిట్టని వాళ్లు పిల్లల్ని అడ్డం పెట్టుకుని కేసులు పెట్టించే కాలం ఇది. నేను ఎవర్నీ వెనకేసుకు రావడం లేదు, జాగ్రత్త చెబుతున్నా.

కోర్టు గుమ్మం | మంగళవారం ఉదయం 8:30

నల్లగొండ కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నాను. మాస్టారు గారి మాట చాలా మంది నోట వినబడేదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

"ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని విచారించడం" చట్టంలో లేదు. నేరం జరిగిందా లేదా తేల్చేది పోలీసులు, కోర్టు. మన పని తెలిసిన సంగతి చేరవేయడం వరకే. చేరవేయకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడే చెప్పకుండా దాచాడనుకోండి, అదే సెక్షన్ రెండో భాగం కింద ఏడాది దాకా జైలు, జరిమానా కూడా. పానగల్లు తమ్ముడూ, ఈ ఒక్క ముక్క మీ సార్‌కు చూపించండి, బోర్డు మీద ఆయనకే ఆసక్తి పెరుగుతుంది.

మహారాష్ట్రలో చంద్రాపూర్ జిల్లా రాజురాలో ఒక స్కూలు హాస్టల్ గిరిజన బాలికల మీద లైంగిక నేరాల కేసు ఉంది. ఆ పిల్లలకు వైద్యం చేసిన డాక్టరుకు సంగతి తెలిసీ చెప్పలేదని కేసు పెడితే హైకోర్టు కొట్టేసింది. 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనబెట్టింది. తెలిసి చెప్పకపోవడం తీవ్రమైన నేరమే, చాలాసార్లు అసలు నేరస్తుణ్ణి కాపాడే ప్రయత్నమే అని చెప్పింది. మన పక్క రాష్ట్రం సంగతే ఇది.

తప్పుడు కేసుల భయం గురించి. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద సివిల్ కేసు గానీ, క్రిమినల్ కేసు గానీ ఉండదని 19(7)లో రాసి ఉంది. కావాలని తప్పుడు ఫిర్యాదు ఇస్తే శిక్ష 22వ సెక్షన్‌లో ఉంది. అదే సెక్షన్‌లో, తప్పుగా చెప్పిన పిల్లలకు మాత్రం శిక్ష వేయకూడదని కూడా ఉంది.

చిట్యాల మాస్టారు | మంగళవారం ఉదయం 9:10

లాయరు గారూ, సెక్షన్లు ఒప్పుకుంటా. కానీ స్టేషన్ మెట్లెక్కిన పిల్ల పరిస్థితి ఏంటి? ఊళ్లో తలెత్తుకుని తిరగనిస్తారా?

ఐసీడీఎస్ అక్క | మంగళవారం మధ్యాహ్నం 1:40

మాస్టారూ, పిల్ల స్టేషన్‌కు పోవాల్సిన పని లేదు. ఇంట్లోనో, పిల్లకు ఇష్టమైన చోటనో పోలీసులే వచ్చి మాట తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. ఇదంతా 24వ సెక్షన్. పేరు, బడి, ఊరు, ఫోటో ఏదీ పేపర్లో, టీవీలో రాకూడదని 23వ సెక్షన్. మన నల్లగొండలో భరోసా కేంద్రం ఉంది. వైద్యం, కౌన్సెలింగ్, వాంగ్మూలం ఒక్క చోటే అయ్యేటట్టు పెట్టింది దానికోసమే. ఊరు తలెత్తుకోనివ్వదు అంటే, ఆ ఊరికి సంగతి మోసేది మన ఆఫీసులో టీ తాగేవాళ్లే కదా. బోర్డులో ఆ మాట రాయాలి: తెలిసిన సంగతి పోలీసులకు తప్ప ఎవరికీ చెప్పం అని.

పిల్లల హెల్ప్‌లైన్ 1098 మర్చిపోకండి. రాత్రీ పగలూ ఎత్తుతారు, ఉచితం. లైంగిక నేరమే కానక్కర్లేదు, తప్పిపోయిన పిల్లవాడైనా, బాల్యవివాహమైనా, కొడుతున్నారన్నా ఆ నంబరే.

పిల్లలమర్రి | మంగళవారం మధ్యాహ్నం 2:05

ఇదంతా బాగుంది గానీ, మా కలెక్టరేట్‌లో చంటిపిల్లల తల్లులకు కూర్చునే చోటు లేదు, దాని గురించి ఎవరన్నా రాస్తారా? పెద్ద బిల్డింగ్, పొడుగాటి వరండాలు. పాలివ్వాలంటే లిఫ్టు వెనక మూలకు పోవాలె. 50 మంది, ఆపైన పనిచేసేచోట క్రెష్ (చంటిపిల్లల్ని చూసుకునే గది) ఉండాలని 2017లో ప్రసూతి చట్టానికి సవరణ తెచ్చిండ్రు. మా దగ్గర క్రెష్ అని ఒక రూము చూపిస్తే అందులో పాత మానిటర్లు, విరిగిన కుర్చీలు ఉన్నయి. మా పాప రెండేండ్లది, మెట్ల పక్కన రెయిలింగ్ సందుల్లోంచి తల దూర్చి కిందికి చూస్తది. నాకు గుండె ఆగిపోతది. భద్రత అంటే అది కూడా కాదా?

అడ్మిన్ | మంగళవారం మధ్యాహ్నం 2:20

పిల్లలమర్రి గారూ, విషయం ఇక్కడిదే, ఉండనివ్వండి. చైల్డ్ కేర్ లీవు, హెచ్ఆర్ఏ గురించి మాత్రం వేరే చర్చ తెరవండి, నిన్నటి నుంచి ఇద్దరు అదే అడుగుతున్నారు.

మెల్‌బోర్న్ పాలమూరు | మంగళవారం సాయంత్రం 4:30

అమరచింత నుంచి వచ్చినవాణ్ణి, ఇక్కడ ఆస్ట్రేలియాలో ఒక కౌన్సిల్‌లో (మన మున్సిపాలిటీ లాంటిది) ఐటీ పని. మీరు మాట్లాడుకునే బోర్డు ఇక్కడ చాలా సర్కారు ఆఫీసుల్లో ఉంటది. ఉద్యోగ ప్రకటన కింద కూడా "మేము పిల్లల భద్రతకు కట్టుబడి ఉన్నాం" అని ఒక లైన్ ఉంటది.

ఇది ఊరికే రాలేదు. చర్చిల్లో, అనాథాశ్రమాల్లో, స్పోర్ట్స్ క్లబ్బుల్లో దశాబ్దాలుగా పిల్లల మీద జరిగినవన్నీ బయటపడ్డంక రాయల్ కమిషన్ (సర్కారు వేసే పెద్ద విచారణ సంఘం) వేసిండ్రు. 2013 నుంచి 2017 దాకా విచారణ జరిగింది. అంతటా ఒకటే కథ: సంస్థ పేరు పోతదని పెద్దలు నోరు మూసుకున్నరు, తప్పు చేసినవాణ్ణి ఇంకో ఊరికి ట్రాన్స్‌ఫర్ చేసిండ్రు. మా మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2016లో పిల్లల భద్రతా ప్రమాణాలు పెట్టి, 2022 జూలై నుంచి వాటిని 11 చేసిండ్రు. అందులో నాకు నచ్చింది, పిల్లలకు వాళ్ల హక్కులు తెలియాలె, వాళ్లకు సంబంధించిన నిర్ణయాల్లో వాళ్ల మాట వినాలె అన్నది. అంటే బోర్డు పెద్దోళ్ల కోసం ఒకటి, పిల్లలకు అర్థమయ్యే మాటల్లో ఇంకొకటి. పిల్లలతో పనిచేసేవాళ్లకు ముందుగా ఒక చెక్ ఉంటది, కార్డు ఇస్తరు. అది లేకుంటే స్విమ్మింగ్ పూల్‌లో ఈత నేర్పే పని కూడా దొరకదు.

సూపరింటెండెంట్ (రిటైర్డ్), మిర్యాలగూడ | మంగళవారం సాయంత్రం 5:15

ట్రాన్స్‌ఫర్ అన్నవు చూడు, అక్కడ నేను కూడా ఆగిపోయిన. మన దగ్గర "డిప్యుటేషన్" అంటరు. పేరు వేరు, పని అదే.

హాస్టల్ పెద్దమ్మ | మంగళవారం రాత్రి 10:50

పిల్లలు పడుకున్నాక రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. బాలికల హాస్టల్ వార్డెన్‌ని, ఎక్కడో చెప్పను.

అందరూ కేసు అయినాక ఏం చేయాలో రాస్తున్నారు. కేసు కాకముందు సంగతి చెబుతా. మా హాస్టల్‌కు వచ్చే మగవాళ్లను లెక్కపెట్టండి. కూరగాయలు, గ్యాస్ తెచ్చేవాళ్లు. మోటారు బాగుచేసే మెకానిక్. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే సార్లు, వాళ్ల డ్రైవర్లు. పుట్టినరోజని పండ్లు పంచే లీడర్లు, వాళ్ల వెనక సెల్ఫీలు తీసేవాళ్లు. ఇందులో ఒక్కరినీ నేను నియమించలేదు, ఒక్కరి గురించీ నాకేం తెలియదు. పిల్లలతో పనిచేసే ప్రతి ఒక్కరికీ, రెగ్యులర్ అయినా కాంట్రాక్టు అయినా, పోలీసు వెరిఫికేషన్ ఉండాలని 2020 నియమాల్లో ఉంది. ఏజెన్సీ నుంచి వంటమనిషినో వాచ్‌మన్‌నో పంపినప్పుడు నా చేతికొచ్చేది ఆధార్ జిరాక్స్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్. వెరిఫికేషన్ కాగితం అడిగితే "మేడమ్, వారంలో వస్తది" అంటారు. ఇప్పుడు నేను నేర్చిన పని ఒక్కటే, ఆ కాగితం లేకుండా జాయినింగ్ రిపోర్టు మీద సంతకం పెట్టను. కోపాలు వస్తాయి, రానీ.

గేటు దగ్గర ఒక రిజిస్టర్ పెట్టా. ఎంత పెద్ద సార్ వచ్చినా పేరు, టైము, ఎందుకు వచ్చారో రాయాలి. మొదట్లో ఒక సార్ "నన్నే రాయమంటవా" అన్నారు. మా వాచ్‌మన్ పెద్దాయన పెన్ను ముందుకు జరిపి, "సార్, మీరు రాస్తే మిగిలినోళ్లు రాస్తరు" అన్నాడు. సార్ రాశారు. చీకటి పడ్డాక ఇన్‌స్పెక్షన్ అంటే మహిళా అధికారి తోడు లేకుండా గదుల వైపు పోనివ్వను, వరండాలోనే కుర్చీ వేస్తా.

ఇక ఫోటోలు. భోజనం ఫోటో, హాజరు ఫోటో, స్టడీ అవర్ ఫోటో అన్నీ గ్రూపులో పెట్టాలి. ఆ గ్రూపులో ఎవరున్నారో నాకే తెలియదు. పిల్లలు తడి జుట్టుతో, నైటీలతో నిలబడ్డప్పుడు కూడా పొద్దున హాజరు ఫోటో తీయమంటే ఎట్లా? నేను ప్లేట్లు కనబడేటట్టు, వెనక నుంచి తీసి పెడుతున్నా. పానగల్లు తమ్ముడూ, నీ పేజీలో ఇది రాయి: పిల్లల ముఖాలు కనబడే ఫోటోలు ఆఫీసు పనికి సొంత ఫోన్‌లో తీయం, గ్రూపులో పెట్టం. చిన్న మాట, కానీ దాన్ని పాటించడమే అన్నిటికన్నా కష్టం.

ల్యాబ్ చెల్లె | బుధవారం ఉదయం 6:40

హాస్టల్ అమ్మ రాసింది చదివి నాకూ రాయాలనిపించింది. ఇంటర్ ఒకేషనల్ పిల్లలు ట్రైనింగ్‌కని సర్కారు దవాఖానాలకు వస్తారు. పదహారు, పదిహేడేళ్లు. తెల్లకోటు వేసుకుంటే అందరికీ పెద్దవాళ్లలాగే కనబడతారు. వాళ్లు స్టాఫ్ కాదు, పేషెంట్ కాదు, ఎవరి లెక్కలోనూ ఉండరు. నైట్ డ్యూటీ కూడా వేస్తారు. పోక్సో చట్టం ప్రకారం 18 నిండనివాళ్లందరూ పిల్లలే. వీళ్ల గురించి ఒక లైన్ రాయండి.

చౌటుప్పల్ క్లర్కు | బుధవారం ఉదయం 9:25

ఇంత లొల్లి ఎందుకు, మహిళల ఫిర్యాదుల కమిటీ ప్రతి ఆఫీసులో ఉంది కదా, పిల్లల ఫిర్యాదు కూడా ఆ కమిటీకే ఇస్తే సరిపోదా?

కోర్టు గుమ్మం | బుధవారం ఉదయం 10:00

సరిపోదు. ఆ కమిటీ 2013 చట్టం కింద పని చోట మహిళల లైంగిక వేధింపుల కోసం పెట్టింది. రాజీకి కూడా అక్కడ దారి ఉంది. పోక్సోలో రాజీ లేదు. ట్రైనింగ్‌కు వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి విషయం కమిటీకి వెళ్లినా, పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత కమిటీ సభ్యుల మీద అలాగే ఉంటుంది. ఇంకొకటి, ప్రభుత్వ ఉద్యోగి గానీ, హాస్టల్, దవాఖానా, బడి సిబ్బంది గానీ ఆ హోదాలో పిల్లల మీద నేరం చేస్తే పోక్సో దాన్ని తీవ్రమైన నేరాల కింద చేర్చింది, శిక్ష ఎక్కువ.

గద్వాల తిమ్మప్ప | బుధవారం మధ్యాహ్నం 12:30

అందరూ పెద్ద పెద్ద విషయాలు రాసిన్రు. నేనొకటి అడుగుత. పానగల్లు తమ్మీ, మీ ఆఫీసుకు టీ తెచ్చే పిలగాని వయసెంత?

మా దిక్కు పత్తి విత్తనాల చేండ్లల్ల క్రాసింగ్ పనికి (పూలకు చేత్తోని పుప్పొడి అంటించే పని) పిల్లలు పోతుంటే ఆపనీకి ఎన్నేండ్లు పట్టిందో మాకెరుక. అట్ల పిల్లల్ని చేను నుంచి బడికి తోలిన సార్లే, ఆఫీసుల కూసుండి పన్నెండేండ్ల పిలగాడు ఫ్లాస్కు, గ్లాసుల స్టాండు పట్టుకొని వస్తే "ఒరేయ్, ఇంకో రెండు" అంటరు. 14 ఏండ్ల లోపు పిల్లల్తోని పని చేయిస్తే నేరమని 2016 సవరణ చెప్తది. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో అయితే 14 ఏండ్ల లోపు పిల్లల్ని పనికి పెట్టుకోవద్దని 22-ఏ అని సపరేటుగా ఉన్నది. ఎవరింట్లనన్న దేవరకొండ తండా నుంచి తెచ్చుకున్న పనిపిల్ల ఉంటే ఆ సంతకం పెట్టే ముందు ఆలోచించమను.

పానగల్లు జూనియర్ | బుధవారం రాత్రి 8:10

తిమ్మప్ప అన్నా, పొద్దున్నే మీ మెసేజ్ వచ్చి ఉంటే బాగుండు. టీ కొట్టు ఆయన్ను ఇవాళ అడిగినా, "మా అన్న కొడుకు, సెలవులని వచ్చిండు" అన్నడు. ఇప్పుడేం సెలవులు? రేపటి నుంచి పెద్దాయనే తెస్తా అన్నడు. పిల్లగాడు బడికి పోతున్నడా లేదా అన్నది ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో మా దోస్తుకు చెప్పిన.

డ్రాఫ్ట్ ఇట్లా వచ్చింది, చూడండి:

"ఈ కార్యాలయానికి వచ్చే 18 ఏళ్ల లోపు ప్రతి ఒక్కరి భద్రత మా బాధ్యత. ఒంటరిగా వచ్చిన పిల్లల పని ముందు చేసి పంపుతాం. మూసిన గదిలో వారితో ఒక్కరే మాట్లాడరు. పిల్లలకు అన్యాయం జరిగిందని తెలిసినా, అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా పోలీసులకు లేదా 1098కి చెబుతాం, ఆ తర్వాతే పై అధికారికి తెలియజేస్తాం. కార్యాలయంలో విచారణ, రాజీ చేయం. పిల్లల పేరు, ఫోటో ఎవరికీ ఇవ్వం. శిక్షణకు వచ్చే విద్యార్థులకు ఒక మహిళా ఉద్యోగి బాధ్యురాలు. ఈ ఆవరణలో పిల్లలతో పని చేయించం, చేయించేవారి దగ్గర కొనం."

కింద పిల్లల కోసం వేరుగా: "నీకు భయమేసినా, ఎవరన్నా ఇబ్బంది పెట్టినా 1098కి ఫోన్ చెయ్. తప్పు నీది కాదు."

ఐసీడీఎస్ అక్క | బుధవారం రాత్రి 8:45

బాగుంది. ఒక్క మార్పు. 1098కి చెబితే సరిపోతుంది అన్నట్టు ఉంది. లైంగిక నేరం అయితే చట్టం చెప్పింది పోలీసులకే. "పోలీసులకు; పిల్లలకు సాయం కోసం 1098కి కూడా" అని రాయి. పిల్లల బోర్డు వాళ్ల ఎత్తులో పెట్టు, మనకు కనబడేంత ఎత్తులో కాదు.

పిల్లలమర్రి | బుధవారం రాత్రి 9:00

రెయిలింగ్ సంగతి పెట్టలేదు 🙂

పానగల్లు జూనియర్ | గురువారం సాయంత్రం 6:30

సార్ చదివిండు. అంతా ఓకే అన్నరు, ఒక్క లైన్ కొట్టేసిండ్రు. "ఆ తర్వాతే పై అధికారికి" అన్నచోట ఎర్ర పెన్నుతో "పై అధికారి అనుమతితో" అని రాసిండ్రు. ఏం చేయాలి?

చిట్యాల మాస్టారు | గురువారం సాయంత్రం 6:50

నేను అన్నదీ అదే కదా. ఆఫీసన్నాక ఒక పద్ధతి ఉంటుంది.

కోర్టు గుమ్మం | గురువారం సాయంత్రం 7:15

పద్ధతి ఉండాలి మాస్టారూ, ఇక్కడ మాత్రం 19వ సెక్షన్‌లో అనుమతి అన్న మాటే లేదు. పై అధికారి వద్దన్నాడన్నది సాకు కాదు, పోలీసులకు చెప్పనివాడికి శిక్ష తప్పదు, వద్దన్న ఆధారం కాగితం మీద ఉంటే ఆ అధికారికి ఇంకా చిక్కు. తమ్ముడూ, వాదన పెట్టుకోకండి. 19, 21 సెక్షన్ల ప్రతి జత చేసి, "ఈ మార్పు చట్టానికి అనుగుణంగా ఉందా అన్నది పరిశీలనకు" అని నోట్ రాసి ఫైల్లో పుటప్ చేయండి (సార్ ముందు పెట్టండి).

పానగల్లు జూనియర్ | శుక్రవారం మధ్యాహ్నం 1:10

పుటప్ చేసిన. ఫైల్ సార్ టేబుల్ మీద ఉంది. పిల్లల బోర్డు మాత్రం సార్ ఏమీ అనలేదు కాబట్టి ప్రింటు తీసి కౌంటర్ పక్కన కింది వైపు అంటించిన.

సూపరింటెండెంట్ (రిటైర్డ్), మిర్యాలగూడ | శుక్రవారం మధ్యాహ్నం 1:35

నోట్ మీద తేదీ వేసినవా? ఈ-ఆఫీసులో (కంప్యూటర్ ఫైళ్లలో) కూడా స్కాన్ చేసి పెట్టు. టేబుల్ మీది ఫైలుకు కాళ్లుంటయి.